మూడు టేబుళ్ళ పోకర్, ఎవరెక్కడ కూర్చోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇంట్లో పోకర్ టోర్నమెంట్ పెట్టుకోవడం గురించి కొంచెం రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) ఎన్ని ఇవ్వాలి, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టాల్సిన పందేలు) ఎంతసేపటికి పెంచాలి అని అడిగినవాళ్ళు తక్కువే, ఎక్కువమంది రాసింది కుర్చీల గురించి. ఒక్క టేబుల్ ఉన్నంతకాలం ఈ సమస్య కనపడదు, జనం పెరిగి రెండోది మూడోది వేశాక మొదలవుతుంది. అందుకే ఈసారి మొత్తం సీట్ల సంగతే.

ప్రశ్న: మాది టెక్సాస్‌లో ఫ్రిస్కో అండి. లేబర్ డే వీకెండ్‌కి మేడ మీద గేమ్ రూమ్‌లో మూడు టేబుళ్ళు వేసి 22 మందిని పిలిచాం. ఎవరెక్కడ కూర్చోవాలో ముందు రోజు రాత్రే నేను లిస్టు రాసుకున్నాను, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కంగారు పడకూడదని వాళ్ళందర్నీ ఒక టేబుల్ మీద, బాగా ఆడేవాళ్ళని ఇంకో టేబుల్ మీద, మిగతావాళ్ళని మూడో దాని మీద. ఆ కొత్తవాళ్ళ టేబుల్‌లో మా కజిన్ కూడా ఉన్నాడు, కొంచెం ఆట వచ్చినవాడే, చివరికి వాడే గెలిచాడు. అప్పట్నుంచి ఇద్దరు ఫ్రెండ్స్ సరిగ్గా మాట్లాడట్లేదు, కావాలనే వాడిని అక్కడ కూర్చోబెట్టానని వాళ్ళ అనుమానం. నేను మంచికే చేశానండి, నా తప్పేంటి?

జవాబు: మీ మనసులో ఏమీ లేదని నేను నమ్ముతాను. కానీ మీ ఫ్రెండ్స్ మీ మనసు చూడలేరు కదా, లిస్టు ఒక్కటే చూడగలరు, ఆ లిస్టులో మీ కజిన్ అందరికంటే తేలికైన టేబుల్ మీద ఉన్నాడు. వాళ్ళ స్థానంలో ఉంటే మీకైనా మనసులో ముల్లు గుచ్చుకునేది.

పోకర్‌లో సీటు అంటే కూర్చునే చోటు ఒక్కటే కాదండి. పక్కన ఎవరున్నారు, ఎదురుగా ఎవరున్నారు అనే దాని మీదే రాత్రంతా నడుస్తుంది. దూకుడుగా రెయిజ్ చేసే (పందెం పెంచే) మనిషి మీకు కుడి పక్కన ఉంటే ఆయన ఏం చేశాడో చూసి మీరు ఆడొచ్చు, అదే మనిషి ఎడమ పక్కన కూర్చుంటే మీరు ముందు మాట్లాడి ఆయన కోసం బిక్కుబిక్కుమంటూ చూడాలి. అంటే ఒక్క కుర్చీ అటూ ఇటూ అయితేనే ఆట మారిపోతుంది, అలాంటిది టేబుల్ మొత్తాన్ని ఒకరి ఇష్టంతో నింపితే, ఎంత మంచి ఉద్దేశంతో నింపినా సరే, అది సమానం కాదు.

కాబట్టి సీటు పేకముక్క ఇవ్వాలి, మనిషి ఇవ్వకూడదు, ఇల్లుగలాయన అయితే అసలే ఇవ్వకూడదు. దీనికి యాప్‌లు ఏమీ అక్కర్లేదు, ఒక పేక కట్ట చాలు. ఒకటో టేబుల్‌కి ఇస్పేటు, రెండో దానికి ఆఠీను, మూడో దానికి డైమన్ అనుకోండి. ఒక్కో రంగులో ఆసు నుంచి ఎనిమిది వరకు తీస్తే 24 ముక్కలు అవుతాయి, మీకు కావాల్సింది 22 కాబట్టి ఆఠీను ఎనిమిది, డైమన్ ఎనిమిది తీసి పక్కన పెట్టెయ్యండి, అప్పుడు 8, 7, 7 గా టేబుళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి. మిగిలినవి అందరి ముందూ కలిపి బోర్లా పరిస్తే వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒక్కోటి తీసుకుంటారు, ఇస్పేటు అయిదు వస్తే ఒకటో టేబుల్ అయిదో కుర్చీ, అంతే, ఇంక మాట లేదు. కుర్చీలకి ముందే ఎడమవైపుగా వరస తిరిగేలా నంబరు చీటీలు అంటించండి, లేకపోతే ఆసు కుర్చీ ఏదని మళ్ళీ అక్కడొక వాదన. ఇల్లు మీదైనా మీరూ తియ్యాల్సిందే, అందరూ తీశాక మిగిలిన ఆఖరి ముక్క మీరు తీసుకుంటే ఇంకా బాగుంటుంది.

తర్వాత బటన్ సంగతి. ముక్కలు పంచే వంతు ఎవరిదో చూపే బిళ్ళ అది, ఆట ఆటకీ ఎడమవైపు ఒక కుర్చీ జరుగుతుంది, దానికి ఎడమ పక్కనున్నవాళ్ళు స్మాల్ బ్లైండ్ (చిన్న పందెం), ఆ పక్కవాళ్ళు బిగ్ బ్లైండ్ (పెద్ద పందెం) కడతారు. అది ఎవరి దగ్గర మొదలవ్వాలి అనేదానికి ప్రతి టేబుల్‌లో తలా ఒక ముక్క పంచండి, పెద్ద ముక్క ఎవరికొస్తే వాళ్ళది, ఇద్దరికి సమానంగా వస్తే ఇస్పేటు, ఆఠీను, డైమన్, కళావరు ఈ వరసలో చూసుకోండి.

ఇంక కొత్తవాళ్ళు కంగారు పడతారన్న మీ బెంగ నిజమైనదే, దాన్ని నేను తీసిపారెయ్యను. దానికి మందు వేరే ఉంది, టోర్నమెంట్‌కి ముందు ఒక గంట ఊరికే చిప్స్‌తో ఆడించండి, ఏ చేయి (ఏ ముక్కల కలయిక) దేని మీద గెలుస్తుందో ఒక కాగితం మీద రాసి ఒక్కో టేబుల్‌కి ఒకటి పెట్టండి. వాళ్ళ కోసం సీట్లు మాత్రం కదపకండి. ఆ ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి "ఈసారి నుంచి ముక్కలు తీసి కూర్చుందాం" అని చెప్పండి, సంజాయిషీ కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది, నేను చూశాను.

ప్రశ్న: మేం కూడా మూడు టేబుళ్ళు ఆడతాం సార్, డాలస్ దగ్గరే. మొన్న మధ్యలో ఇద్దరు అవుటయ్యాక 8, 7, 5 మిగిలాం, బ్లైండ్స్ 100, 200 (స్మాల్ 100, బిగ్ 200) నడుస్తున్నాయి. నేను ఎనిమిదిమంది ఉన్న టేబుల్‌లో ఉన్నా. ఇల్లుగలాయన వచ్చి "నువ్వు లేచి అక్కడికి వెళ్ళు" అన్నాడు, నేను అంతకుముందు ఆటలోనే బిగ్ బ్లైండ్ కట్టాను, అక్కడికి వెళ్తే కూర్చోగానే మళ్ళీ బిగ్ బ్లైండ్. ఇదేంటన్నా అంటే రూల్ అంతే అన్నాడు. నిజంగా రూల్ అంతేనా?

జవాబు: సగం రూల్, సగం కాదు. మిమ్మల్ని పంపిన కొత్త చోటు కరెక్టే, కానీ లేవాల్సిన మనిషి మీరు కాదు.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ తగాదాలు ఇక్కడే ఉన్నాయి. ముందు అసలు మనుషుల్ని ఎందుకు కదపాలో చూడండి. 100, 200 బ్లైండ్స్‌లో టేబుల్ ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కొక్కళ్ళకి 300 చిప్స్ పోతాయి, ముక్కలు చూసినా చూడకపోయినా. ఎనిమిదిమంది ఉంటే ఆ చుట్టుకి ఎనిమిది ఆటలు పడతాయి కాబట్టి ఆటకి 37.5 చిప్స్ ఖర్చు, అయిదుగురే ఉంటే అదే 300 అయిదు ఆటల్లో పోతుంది, అంటే ఆటకి 60. పైగా చిన్న టేబుల్‌లో ఆటలు తొందరగా అయిపోతాయి కాబట్టి గడియారం ప్రకారం చూస్తే తేడా ఇంకా ఎక్కువ. ఆ అయిదుగురు ఏ తప్పూ చెయ్యలేదు, వాళ్ళ పక్కవాళ్ళు తొందరగా అవుటయ్యారు, అంతే, దానికి వాళ్ళు ఎక్కువ కట్టడం అన్యాయం. బాగా ఆడేవాడు చిన్న టేబుల్‌ని ఇష్టపడొచ్చేమో గానీ మంచి ముక్కల కోసం ఓపిగ్గా కూర్చునేవాళ్ళకి, ముఖ్యంగా కొత్తవాళ్ళకి, చిప్స్ అలా ఆవిరైపోతుంటే ఏం జరుగుతుందో కూడా అర్థం కాదు.

అందుకని ఎక్కువమంది ఉన్న టేబుల్ నుంచి ఒకర్ని తక్కువమంది ఉన్న టేబుల్‌కి పంపాలి, మీ లెక్కలో ఒక్కర్ని పంపితే చాలు, 7, 7, 6 అయిపోతుంది. ఎవర్ని పంపాలి? 2001లో మొదలైన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ అనే సంస్థ రాసిన రూల్సే చాలా దేశాల్లో కాసినోల్లో నడుస్తాయి, వాళ్ళ మాట ఏంటంటే, ఆ టేబుల్‌లో తర్వాతి ఆటకి ఎవరు బిగ్ బ్లైండ్ కట్టబోతున్నారో ఆ మనిషి కదలాలి. ఆ మనిషి కొత్త టేబుల్‌లో ఖాళీగా ఉన్న వాటిల్లో అన్నిటికన్నా కష్టమైన చోట, అంటే బిగ్ బ్లైండ్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చోవాలి, నేరుగా బిగ్ బ్లైండే దొరికితే అదే తీసుకోవాలి. స్మాల్ బ్లైండ్‌లో మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు.

ఇందులో ఎంత న్యాయం ఉందో చూడండి. బిగ్ బ్లైండ్ కట్టబోయే మనిషి పాత టేబుల్‌లో ఉన్నా తర్వాతి ఆటలో 200 కట్టాల్సిందే, కొత్త టేబుల్‌కి వెళ్ళి కట్టినా అదే 200, ఆయనకి నష్టం లేదు. అదే ఆయన్ని తీసుకెళ్ళి బటన్ పక్కన హాయిగా కూర్చోబెడితే కట్టాల్సింది ఎగ్గొట్టినట్టు అవుతుంది, అక్కడున్నవాళ్ళకి నష్టం. మీరేమో అప్పుడే 200 కట్టేశారు, మిమ్మల్ని లేపి ఇంకో బిగ్ బ్లైండ్‌లో పెడితే వరసగా రెండు ఆటల్లో 400 పోయినట్టు. మీ తర్వాత కూర్చున్నాయన లేచి ఉండాల్సింది. మీ ఇల్లుగలాయనకి కొత్త సీటు రూల్ గుర్తుంది, ఎవరు లేవాలన్న రూల్ గుర్తు లేదు.

ఒక మాట, కొంతమంది "ఎవరైనా వాలంటీర్‌గా వెళ్తారా" అని అడుగుతారు, అది చూడ్డానికి మర్యాదగా ఉంటుంది కానీ దయచేసి అడగకండి. ఎడమ పక్కన గట్టి ఆటగాడున్న మనిషే ముందు చెయ్యెత్తుతాడు. ఇంకొంతమంది ఎక్కువ చిప్స్ ఉన్నాయన్ని పంపిస్తారు, అక్కడివాళ్ళు భయపడిపోతారు, ఇక్కడివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, అదీ తప్పే.

ఎప్పుడు కదపాలి అంటే ఇంట్లో అయితే తేడా రెండు రాగానే కదిపెయ్యండి, ఆ ఆట పూర్తయ్యాక. ఆ అసోసియేషన్ రూల్స్ ప్రకారం అయితే అందరికంటే నిండుగా ఉన్న టేబుల్ కన్నా ముగ్గురు తక్కువ ఉన్న టేబుల్‌లో మనిషి వచ్చేదాకా ఆట ఆపాలి. మీ దగ్గర ఎనిమిదికి అయిదు కాబట్టి ఆ టేబుల్ ఆగి ఉండాల్సింది, ఆపారో లేదో మీరు రాయలేదు.

ప్రశ్న: మన టైమ్ సంగతి మీకు తెలుసు కదండీ, ఆరింటికి అంటే ఏడున్నరకి వస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి?

జవాబు: మొదటి జవాబులో పక్కన పెట్టమన్న ముక్కలు ఉన్నాయి చూడండి, ఆఠీను ఎనిమిది, డైమన్ ఎనిమిది, అవి వీళ్ళ కోసమే. వచ్చిన మనిషి వాటిల్లో ఒకటి బోర్లా ఉండగా తీసుకోవాలి. అప్పటికే కొందరు అవుటయ్యి ఉంటే తక్కువమంది ఉన్న టేబుల్‌లో ఖాళీ కుర్చీల ముక్కలు మాత్రమే కలిపి తీయించండి, రెండు టేబుళ్ళు సమానంగా తక్కువ ఉంటే రెండింటివీ కలపండి. వచ్చిన సీటు బిగ్ బ్లైండ్ అయినా సరే వెంటనే ముక్కలు పంచాలి, ఒక్క చోట తప్ప, బటన్‌కీ స్మాల్ బ్లైండ్‌కీ మధ్యలో పడితే బటన్ దాటేదాకా ఆగాలి. అవుటయ్యి మళ్ళీ డబ్బులు కట్టి వచ్చేవాళ్ళకి కూడా ఇదే పద్ధతి, "నా కుర్చీ నాకు ఖాళీగానే ఉందిగా" అంటే కుదరదు.

ఎప్పటిదాకా రావచ్చో ముందే మెసేజ్ పెట్టండి, మూడో లెవెల్ (బ్లైండ్స్ పెంచే ఒక్కో విడత ఒక లెవెల్) అయ్యేదాకా అనుకుంటే అంతే, తర్వాత బావమరిది వచ్చినా భోజనం పెట్టి పంపించాలి.

ప్రశ్న: మేము భార్యాభర్తలం ఇద్దరం ఆడతాం. మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఎప్పుడూ మమ్మల్ని వేరే వేరే టేబుళ్ళలో పెడతారు, ఒకే టేబుల్ అయితే సైగలు చేసుకుంటామట. వినడానికి చాలా బాధగా ఉందండి.

జవాబు: బాధగానే ఉంటుందమ్మా, ఏ తప్పూ చెయ్యకుండానే దొంగల్లా చూసినట్టు. నా అభిప్రాయం ఏంటంటే ముక్క తీసినప్పుడు ఇద్దరూ ఒకే టేబుల్‌కి వస్తే అక్కడే కూర్చోవాలి, వేరే టేబుళ్ళకి వస్తే అలాగే. మిమ్మల్ని విడదీశారంటే అన్నదమ్ముల్ని కూడా విడదీయాలి, ఒకే ఆఫీసువాళ్ళని, ఒకే కార్లో వచ్చినవాళ్ళని కూడా, అలా తీసుకుంటూ పోతే చివరికి సీట్లు మళ్ళీ ఒక మనిషి చేతిలోకి వచ్చేస్తాయి. పైగా టేబుళ్ళు తగ్గేకొద్దీ మీరిద్దరూ ఎలాగూ ఒక చోటికి రావాల్సిందే, ఫైనల్ టేబుల్‌లో ఇద్దరూ ఉంటే ఏం చేస్తారు, ఒకర్ని పంపించేస్తారా?

కాపలా పెట్టాల్సింది సీటు దగ్గర కాదు, ఆట దగ్గర. ఒక చేతిని ఒక్కరే ఆడాలి, సలహాలు ఉండకూడదు, ఫోల్డ్ చేసినవాళ్ళు (ముక్కలు పడేసి తప్పుకున్నవాళ్ళు) కూడా ఆట అయ్యేదాకా ఏం ముక్కలున్నాయో మాట్లాడకూడదు. ఈ రూల్ అందరికీ ఒకేలా గట్టిగా పెడితే మీ ఇద్దరి గురించి ప్రత్యేకంగా ఎవరూ ఏమీ అనాల్సిన పని ఉండదు. ఇంకోటి, టేబుల్‌లో తెలుగు రాని ఫ్రెండ్ ఒక్కళ్ళున్నా ఆట నడుస్తున్నంతసేపు అందరికీ వచ్చిన భాషలోనే మాట్లాడండి. ముగ్గురు తెలుగులో నవ్వుకుంటుంటే ఆ నాలుగో మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇది నేను ఒకసారి కళ్ళారా చూశాను, ఆయన మళ్ళీ రాలేదు.

ప్రశ్న: టేబుల్ ఎత్తేసేటప్పుడు ఏం చెయ్యాలి సార్? మా దగ్గర "ఏ టేబుల్ ఎత్తాలి" అనే దగ్గరే అరగంట పోతుంది.

జవాబు: ఆ అరగంట పోకూడదంటే ఏ టేబుల్ ముందు ఎత్తేస్తారో మొదటి ముక్క పంచకముందే చెప్పెయ్యాలి. మూడోది ముందు, తర్వాత రెండోది, ఒకటోదే ఫైనల్ టేబుల్, అని గోడ మీద కాగితం అంటించండి. ఎనిమిదేసి మంది ఆట అయితే 16 మంది మిగలగానే మూడో టేబుల్ లేస్తుంది. ఇది ముందే రాసి లేకపోతే ఎవరి చిప్స్ ఎక్కడ ఎక్కువున్నాయో చూసుకుని ఎవరి వాదన వాళ్ళు వాదిస్తారు.

ఎత్తేటప్పుడు మిగిలిన రెండు టేబుళ్ళలో ఖాళీ కుర్చీల ముక్కలు ఏరండి. మూడో టేబుల్‌లో ఆరుగురు, మిగతా రెండింట్లో అయిదేసి మంది ఉన్నారనుకోండి, ఒక్కోదాంట్లో మూడు చొప్పున ఆరు ముక్కలు వస్తాయి, వాటిని కలిపి బోర్లా దొంతి పెట్టండి. తర్వాత ఆ ఆరుగురికీ ఇంకో కట్టలోంచి తలా ఒక ముక్క పంచండి, పెద్ద ముక్క వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి దొంతిలోంచి పైనుంచి ఒక్కోటి ఇచ్చుకుంటూ వెళ్ళండి. రెండుసార్లు కలపడం ఎందుకు, ఒక్కసారి చాలదా అని అడుగుతారు. ఒక్కసారి అయితే కలిపిన మనిషి మీద చూపు పడుతుంది, రెండుసార్లు అయితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. వీళ్ళకి మాత్రం వచ్చిన సీటు ఏదైతే అదే, కష్టమైన చోటు వెతకక్కర్లేదు, ఎందుకంటే టేబుల్ మొత్తం లేచింది కదా, అందరికీ ఒకే అదృష్టం. చిప్స్ చేతుల్లో, జేబుల్లో పెట్టుకుని వెళ్ళనివ్వకండి, వంటింట్లోంచి నాలుగు స్టీలు పళ్ళేలు తెచ్చి పెట్టుకోండి, పెద్ద చిప్స్ పైకి కనపడేలా పెట్టుకుని నడవాలి.

తొమ్మిదిమంది మిగిలాక ఒక కుర్చీ ఎక్కువ వేసి ఫైనల్ టేబుల్. ఇక్కడ పాత సీట్లు వదిలేసి ఒకటో టేబుల్‌లో ఉన్నవాళ్ళతో సహా అందరూ మళ్ళీ కొత్తగా ముక్కలు తియ్యాలి, చాలామంది ఇళ్ళల్లో రెండో టేబుల్‌వాళ్ళని మాత్రమే ఖాళీల్లో సర్దుతారు, నాకు అది నచ్చదు. బహుమతి పదిమందికి అనుకుని పదకొండుమంది మిగిలారనుకోండి, అప్పుడు రెండు టేబుళ్ళూ ఒకేసారి పంచి ఒకేసారి ఆపాలి, ముందు అయిపోయిన టేబుల్ రెండోది అయ్యేదాకా ఆగాలి. లేకపోతే ఒక టేబుల్‌వాళ్ళు ముక్కలు చూస్తూ నిమిషాలు లాగి పక్క టేబుల్‌లో ఎవరు పోతారా అని చూస్తూ కూర్చుంటారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఇలాగే పెట్టుకోవచ్చా? పేకాట నైపుణ్యం అని సుప్రీంకోర్టు చెప్పింది కదా.

జవాబు: ఆ తీర్పు 1968లోది, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో రమ్మీ గురించి చెప్పింది, పోకర్ గురించి కాదు. ఆ తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో జూదం చట్టాలు సవరించి బాగా బిగించాయి, 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ చట్టం చేసింది. కాబట్టి డబ్బు వద్దు, ఉత్త చిప్స్‌తో ఆడి గెలిచినవాళ్ళకి ఒక కప్పు ఇవ్వండి, సీట్ల పద్ధతి మొత్తం అలాగే పనికొస్తుంది.

టెక్సాస్‌వాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడి శిక్షాస్మృతిలో 47.02 సెక్షన్ ప్రకారం ఇంట్లో ఆడుకున్నవాళ్ళకి రక్షణ ఉంది, కానీ మూడు షరతులు ఉన్నాయి: ఆట ప్రైవేటు చోట జరగాలి, ఆడి గెలిచింది తప్ప ఎవరికీ వేరే ఆర్థిక లాభం ఉండకూడదు, నైపుణ్యం, అదృష్టం సంగతి పక్కన పెడితే గెలిచే అవకాశం ఓడే ప్రమాదం అందరికీ ఒకటే ఉండాలి. బిర్యానీ ఖర్చని అందరూ కట్టిన డబ్బుల పూల్‌లోంచి ఇల్లుగలాయన కొంత తీసుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది మానెయ్యండి, భోజనం డబ్బులు విడిగా పంచుకోండి. మూడో షరతు చదివినప్పుడల్లా నాకు ఆ ఫ్రిస్కో లిస్టు లాంటివే గుర్తొస్తాయి.

వచ్చే నెల బ్లైండ్స్ ఎంతసేపటికి పెంచాలి అనే ప్రశ్నలు తీసుకుంటాను. రాసేటప్పుడు ఎంతమంది ఆడతారు, ఎన్నింటికల్లా ముగించాలి, తలా ఎన్ని చిప్స్ ఇస్తారు, ఈ మూడూ తప్పకుండా రాయండి, అవి లేకపోతే లెక్క కట్టి చెప్పలేను.